‘మేక్ షెల్’: కంటెయినర్ లోపలికి అందరికీ ఒకే దారి

మా పాత పత్రికల సూచిక ప్రాజెక్టు డైరీలో ఇదొక విడత. పాత తెలుగు మాసపత్రికల స్కాన్లు దగ్గర పెట్టుకుని, ఏ వ్యాసం ఏ సంచికలో ఏ పేజీలో ఉందో ఎవరైనా వెతుక్కోగలిగేలా జాంగోలో (పైతాన్‌తో సైట్లు కట్టే పరికరం) చిన్న సైటు కడుతున్నాం. చేసేవాళ్లందరం ఉద్యోగాలూ చదువులూ చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు చేసేవాళ్లమే. ఒకరిది ఉబుంటు, ఒకరిది మ్యాక్, ఇంకొకరిది విండోస్. అందుకే డెవలప్‌మెంట్ మొత్తం డాకర్ కంపోజ్‌లోకి మార్చేశాం. డాకర్ ఒక్కో ప్రోగ్రామునీ దానికి కావాల్సిన ఫైళ్లతో సహా కంటెయినర్ అనే విడి అరలో నడుపుతుంది, ఆ అరకి అచ్చు లాంటిది ఇమేజ్, అలాంటివి కొన్నిటిని కలిపి లేపేది కంపోజ్. వెబ్, డీబీ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్), రెడిస్ (మెమరీలో డేటా ఉంచే స్టోర్), వర్కర్ అని నాలుగు సర్వీసులు. వెబ్ ఇమేజ్ డెబియన్ 12 స్లిమ్ మీద మేం కట్టుకున్నదే. పైతాన్ ప్యాకేజీలన్నీ ‘/ఆప్ట్/వెన్వ్’లో ఉంటాయి.

ఈ విడత పని ఇదీ: ‘మేక్ షెల్’ అని కొడితే చాలు, ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా వెబ్ కంటెయినర్ లోపల కమాండ్లు కొట్టే షెల్ తెరుచుకోవాలి. ఊరికే తెరుచుకుంటే సరిపోదు. లోపల నడుస్తున్న జాంగో ఏ యూజరుగా నడుస్తోందో, దానికి ఏ వేరియబుల్స్ (పేరు పెట్టి ఇచ్చే సెట్టింగులు) అందుతున్నాయో, ఏ ఫైళ్లు ఎలా కనిపిస్తున్నాయో, షెల్ ముందు కూర్చున్న మనిషికీ అచ్చంగా అలాగే ఉండాలి. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికే కదా లోపలికి వెళ్లేది. అక్కడ ప్రోగ్రామ్‌కి ఒకటి, మనకొకటి కనిపిస్తే ఎంతసేపు వెతికినా ప్రయోజనం లేదు.

శనివారం

పొద్దున్నే ఉబుంటు వాడే మా ఇంజినీరింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు.

“అక్కా, లోపలికెళ్లి సర్వర్ లేపాను. లేచిందనే చెప్తోంది. బ్రౌజర్‌లో మాత్రం ఏమీ రావట్లేదు.”

“ఏం కొట్టి వెళ్లావు లోపలికి?”

“డాకర్ కంపోజ్ రన్ వెబ్ బాష్.”

“ముందు ‘అప్’ చేశావా?”

“లేదక్కా. రన్ కొడితే డీబీ, రెడిస్ వాటంతటవే లేచాయి. సరిపోతుందనుకున్నా.”

‘రన్’కీ ‘ఎగ్జెక్’కీ ఉన్న తేడా ఇక్కడే. ‘రన్’ ప్రతిసారీ అదే ఇమేజ్ నుంచి కొత్త కంటెయినర్ పుట్టిస్తుంది. కంపోజ్ ఫైల్లో రాసుకున్న పోర్టులు ఆ కొత్తదానికి తెరవదు. ‘సర్వీస్ పోర్ట్స్’ ఆప్షన్ ఇస్తేనే తెరుస్తుంది. అంటే సర్వర్ నిజంగానే లేచింది, బయటి నుంచి దాని దగ్గరికి దారే లేదు. పైగా ‘ఆర్ఎమ్’ ఆప్షన్ పెట్టకపోతే, మనం బయటికొచ్చాక కూడా ఆ కంటెయినర్ అక్కడే పడి ఉంటుంది. కుర్రాడితో ‘డాకర్ పీఎస్ -ఏ’ కొట్టిస్తే అలాంటివి వరసగా కనిపించాయి.

‘ఎగ్జెక్’ కొత్తది పుట్టించదు, ఇప్పటికే నడుస్తున్నదానిలోకి తీసుకెళ్తుంది. కంటెయినర్ వేరే మెషీన్ కాదు కాబట్టే ఇది కుదురుతోంది. అది లినక్స్ కెర్నెల్ మీద నడిచే మామూలు ప్రాసెస్సే. కాకపోతే ప్రాసెస్‌ల జాబితా, నెట్‌వర్క్, ఫైల్‌సిస్టమ్ దానికి విడివిడిగా కనిపించేలా కెర్నెల్ నేమ్‌స్పేస్‌లు కట్టిపెడుతుంది. ‘ఎగ్జెక్’ కొట్టగానే, వెనకాల ఎప్పుడూ నడుస్తుండే డాకర్ డెమన్ ఆ మాట కంటెయినర్‌డీకి చెప్తుంది, అది రన్‌సీకి అప్పజెప్తుంది, రన్‌సీ కొత్త ప్రాసెస్‌ని ఆ నేమ్‌స్పేస్‌లలోకే చేరుస్తుంది. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ డాకర్ డెస్క్‌టాప్ ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ నడుపుతుంది. అక్కడ ఈ తతంగమంతా దానిలో జరుగుతుంది.

డాకర్‌లో ఈ కమాండు మొదటి నుంచీ లేదు. 2014లో 1.3 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు లోపలికి వెళ్లాలంటే కంటెయినర్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పెట్టేవాళ్లు, లేదా హోస్ట్ (కంటెయినర్‌ని నడుపుతున్న మెషీన్) నుంచి ‘ఎన్ఎస్ఎంటర్’ వాడేవాళ్లు. ఇప్పటికీ కొన్ని పాత డాకర్‌ఫైళ్లలో ఎస్ఎస్‌హెచ్ ఇన్‌స్టాల్ చేసే లైన్లు కనిపిస్తుంటాయి. కనిపిస్తే తీసేయండి, వాటితో ఇప్పుడు పని లేదు.

‘అటాచ్’ సంగతి కూడా రాసి పెడుతున్నాను. అది షెల్ తెరవదు, లోపల నడుస్తున్న మొదటి ప్రాసెస్‌కే మన కీబోర్డు తగిలిస్తుంది. బయటికి రావడానికి కంట్రోల్-సి కొడితే ఆ సిగ్నల్ నేరుగా సర్వర్‌కే వెళ్తుంది, సర్వర్ ఆగిపోతుంది. ‘ఎగ్జెక్’తో తెరిచిన షెల్‌లో ‘ఎగ్జిట్’ కొడితే ఆ షెల్ ఒక్కటే ముగుస్తుంది, సర్వర్‌కి ఏమీ కాదు.

‘మేక్’ నడపాల్సిన కమాండ్లు రాసుకునే మేక్‌ఫైల్లో మొదటి లైను పడింది: ‘డాకర్ కంపోజ్ ఎగ్జెక్ వెబ్ బాష్’. నేరుగా ‘డాకర్ ఎగ్జెక్’ వాడేవాళ్లు ‘-ఐటీ’ పెట్టాలి. ‘ఐ’ మనం కొట్టేది లోపలికి చేరేలా ఇన్‌పుట్ తెరిచి ఉంచుతుంది, ‘టీ’ ఒక టెర్మినల్ కేటాయిస్తుంది. ‘టీ’ మర్చిపోతే ప్రాంప్టే కనిపించదు, షెల్ ఊరికే బిగుసుకుపోయినట్టు ఉంటుంది. కంపోజ్ ఎగ్జెక్ ఈ రెండూ అడక్కుండానే ఇస్తుంది.

ఆదివారం

రెడిస్‌లోకి కూడా ఇలాగే వెళ్లబోతే బాష్ దొరకలేదని ఎర్రర్, ‘ఎగ్జిక్యూటబుల్ ఫైల్ నాట్ ఫౌండ్ ఇన్ పాత్’ అని. మేం వాడేది ఆల్పైన్ మీద కట్టిన రెడిస్ ఇమేజ్. ఆల్పైన్‌లో బాష్ ఉండదు. బిజీబాక్స్ ఇచ్చే ‘యాష్’ ఉంటుంది, ‘/బిన్/ఎస్‌హెచ్’ అంటే అక్కడ అదే.

బాష్‌ని ఇమేజ్‌లోకి ఎక్కిద్దామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. రెడిస్ లోపల మనం చూసేదల్లా ‘రెడిస్ సీఎల్ఐ’తో నాలుగు కీలు, అప్పుడప్పుడు లాగ్. దానికి ఎస్‌హెచ్ చాలు. ‘మేక్ షెల్’కి సర్వీసు పేరు ఇచ్చే వీలు పెట్టి, బాష్ ఉంటే బాష్, లేకపోతే ఎస్‌హెచ్ తెరిచేలా రాశాను. బాష్ ఉందో లేదో ‘కమాండ్ -వి’ చెప్తుంది. ఉంటే ‘ఎగ్జెక్ బాష్’. ఇక్కడి ‘ఎగ్జెక్’ డాకర్‌ది కాదు, షెల్‌ది. వెతికిపెట్టిన ఎస్‌హెచ్ తప్పుకుని దాని స్థానంలోకి బాష్ వస్తుంది, ఒకదానిలో ఒకటి రెండు షెల్స్ పేరుకోవు.

మంగళవారం రాత్రి

ఈ విడతలో అసలు పని ఇదే. షెల్ తెరుచుకుంది, సైటు మామూలుగా నడుస్తోంది, కానీ షెల్‌లో ‘మేనేజ్ డాట్ పీవై డీబీషెల్’ (డేటాబేస్‌లోకి తీసుకెళ్లే జాంగో కమాండు) కొడితే డేటాబేస్ పాస్‌వర్డ్ లేదంటోంది. అదే కంటెయినర్, అదే కోడు, అవే సెట్టింగులు.

‘ఎన్వ్’ కొట్టి చూస్తే డేటాబేస్ యూఆర్ఎల్ లేనే లేదు. మరి జాంగో ఎలా కనెక్ట్ అవుతోంది? దాని దగ్గర ఏముందో దాన్నే అడగొచ్చు. కంటెయినర్‌లో మొదటి ప్రాసెస్ నంబరు 1. అది మొదలైనప్పుడు దానికి అందిన వేరియబుల్స్ అన్నీ ‘/ప్రోక్/1/ఎన్విరాన్’ ఫైల్లో ఉంటాయి. వాటి మధ్య లైన్ బ్రేక్ బదులు సున్నా బైటు ఉంటుంది కాబట్టి ‘టీఆర్’తో మార్చి చదవాలి. చదివితే యూఆర్ఎల్ అక్కడ నిక్షేపంగా ఉంది.

షెల్‌లో ‘ఎకో $పీపీఐడీ’ కొట్టాను. సున్నా వచ్చింది. విషయమంతా ఆ సున్నాలోనే ఉంది. మన బాష్‌ని కన్నది ప్రాసెస్ 1 కాదు. దాన్ని కన్న ప్రాసెస్ ఈ నేమ్‌స్పేస్ బయట ఉంది, లోపలి నుంచి చూస్తే కనిపించదు, అందుకే సున్నా. పుట్టుకే వేరైనప్పుడు ప్రాసెస్ 1 పోగుచేసుకున్న వేరియబుల్స్ దీనికి వారసత్వంగా రావు. ఎగ్జెక్‌తో పుట్టిన ప్రాసెస్‌కి అందేవి డాకర్‌ఫైల్లో ‘ఎన్వ్’ అని రాసినవి, కంపోజ్ ఫైల్లో ‘ఎన్విరాన్‌మెంట్’ కింద రాసినవి, ఇలా కంటెయినర్ సెట్టింగుల్లో ముందే ఉన్నవే.

మా యూఆర్ఎల్ ఆ రెండు చోట్లా లేదు. కంటెయినర్ లేవగానే ముందుగా నడిచే ఎంట్రీపాయింట్ స్క్రిప్టు ‘/రన్/సీక్రెట్స్’ కింద ఉన్న ఫైలు తెరిచి, పాస్‌వర్డ్ చదివి, యూఆర్ఎల్ కూర్చి ‘ఎక్స్‌పోర్ట్’ చేసి, ఆ తర్వాత తన స్థానంలోనే సర్వర్‌ని లేపుతోంది. పాస్‌వర్డ్ కంపోజ్ ఫైల్లో బాహాటంగా ఉండకూడదని అలా పెట్టుకున్నాం, అది సరైనదే. కానీ ఎగ్జెక్ ఎంట్రీపాయింట్ గుండా రాదు. ముందు గుమ్మం దగ్గర ఇచ్చిన తాళంచెవి దొడ్డిదారిన వచ్చినవాళ్లకి అందనట్టే.

దారులు రెండు తోచాయి. ఎక్స్‌పోర్ట్ లైన్లన్నీ ఒక చిన్న ఫైల్లో పెట్టి, ఎంట్రీపాయింటూ ‘మేక్ షెల్’ రెండూ దాన్ని సోర్స్ చేసుకోవడం ఒకటి. జాంగో సెట్టింగ్సే నేరుగా సీక్రెట్ ఫైలు చదవడం రెండోది. రెండోదే తీసుకున్నాను. మొదటిదాంట్లో ‘మేక్ షెల్’ గుండా వచ్చినవాళ్లకే పని జరుగుతుంది. ఎడిటర్‌లోని టెర్మినల్ నుంచో, చేత్తో కొట్టిన ఎగ్జెక్‌తోనో వచ్చినవాళ్లకి మళ్లీ ఇదే గొడవ. సెట్టింగ్స్ తనే చదువుకుంటే ఏ దారిన వచ్చినా ఒకటే. ఎంట్రీపాయింట్‌లో ఆ లైన్లు తీసేశాక స్క్రిప్టు కూడా సగానికి తగ్గింది.

ఇదే రాత్రి ఇంకో సంగతి బయటపడింది. మ్యాక్‌లో పనిచేసే ఆయన తన అలవాటు కొద్దీ ‘బాష్ -ఎల్’ అని తెరిచారు. ఆయనకి ‘పైతాన్’ అంటే కమాండే దొరకట్లేదు, ‘పైతాన్3’ అంటే జాంగో లేదంటోంది.

“మీరు ఆ ‘ఎల్’ తీసేసి ఒక్కసారి చూడండి,” అన్నాను.

“వస్తోందమ్మా. ఒక్క అక్షరానికే ఇంత తేడానా?”

‘ఎల్’ పెడితే అది లాగిన్ షెల్ అవుతుంది, ‘/ఈటీసీ/ప్రొఫైల్’ చదువుతుంది. డెబియన్‌లో ఆ ఫైలు పాత్‌ని (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితాని) మొదటి నుంచి తనే రాసేస్తుంది. డాకర్‌ఫైల్లో మేం ముందు చేర్చిన ‘/ఆప్ట్/వెన్వ్/బిన్’ దాంతో ఎగిరిపోతుంది, మిగిలేది డెబియన్ సొంత పైతాన్. మామూలు ‘బాష్’ అయితే ‘బాష్ఆర్‌సీ’ మాత్రమే చదువుతుంది, పాత్ జోలికి పోదు. లాగిన్ షెల్ కావాలనే వాళ్లని ఆపలేం కదా. అందుకని ‘/ఈటీసీ/ప్రొఫైల్ డాట్ డీ’లో ఒక చిన్న ఫైలు పెట్టాను, వెన్వ్‌ని మళ్లీ పాత్ ముందు చేర్చడానికి. ఇప్పుడు రెండు రకాలుగానూ ఒకే పైతాన్ వస్తోంది.

గురువారం

ఇవాళ తెలుగు వంతు. స్కాన్ ఫైళ్ల పేర్లు మేం తెలుగులోనే ఉంచాం, పత్రిక పేరు, నెల, సంవత్సరం వరసలో. షెల్‌లో ‘ఎల్ఎస్’ కొడితే పేర్ల బదులు అంకెలు వచ్చాయి. ‘తెలుగు’ అని మొదలయ్యే ఫైలు ఇలా కనిపించింది: \340\260\244\340\261\206\340\260\262, ఇంకా అలాగే చివరిదాకా.

చెడిపోయిన పేరు కాదది. యూనికోడ్‌లో తెలుగు గది 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8లో ఆ గదిలోని ప్రతి గుర్తుకీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఆక్టల్‌లో 340, రెండోది 260 గానీ 261 గానీ. 340 260 244 అంటే ‘త’. 340 261 206 దాని మీది ఎత్వం. 340 260 262 ‘ల’. బైట్లన్నీ ఉన్నాయి, వాటిని అక్షరాలుగా కూర్చి చూపాలని ఎల్ఎస్‌కి తెలియదు. ఎందుకంటే డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో ‘లాంగ్’ వేరియబుల్ పెట్టి ఉండదు, లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) ‘పోసిక్స్’గా మిగులుతుంది. పోసిక్స్‌కి ఆస్కీ దాటి అక్షరాలు లేవు.

నిర్ధారణకి ‘ప్రింట్ఎఫ్ తెలుగు | డబ్ల్యూసీ -ఎమ్’ కొట్టించాను. 18 వచ్చింది. అవి బైట్లు. లొకేల్ సరిగా ఉంటే 6 రావాలి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము.

మరి సైటులో పేర్లు ముత్యాల్లా కనిపిస్తున్నాయి, అదెలా? పైతాన్ 3.7 నుంచీ లొకేల్ సీ గానీ పోసిక్స్ గానీ అయితే పైతాన్ తనే యూటీఎఫ్-8కి మారిపోతుంది. జాంగో హాయిగా చదువుతోంది, షెల్‌లోని మిగతా పరికరాలన్నీ గుడ్డిగా ఉన్నాయి. అందుకే ఎవరికీ ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. బాష్‌లో తెలుగు టైప్ చేయబోయినవాళ్లకి లైను చెదిరిపోయి ఉంటుంది, ‘టెర్మినల్‌లో తెలుగు ఇంతేలే’ అని వదిలేసి ఉంటారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. టెర్మినల్‌లో తెలుగు బాగానే వస్తుంది. చెప్పాల్సినవాళ్లకి ఒక లైను చెప్పాలంతే.

ఆ లైను: డాకర్‌ఫైల్లో ‘ఎన్వ్ లాంగ్=సీ.యూటీఎఫ్-8’. డెబియన్‌లో ఈ లొకేల్ ముందే ఉంటుంది, ‘లొకేల్స్’ ప్యాకేజీ ఎక్కించనక్కర్లేదు. ‘ఎన్వ్’లో పెట్టాం కాబట్టి మంగళవారం నాటి లెక్క ప్రకారం ఎగ్జెక్‌తో వచ్చే షెల్‌కి కూడా అందుతుంది. కట్టి, లేపి, మళ్లీ ‘ఎల్ఎస్’. పేర్లన్నీ తెలుగులో దిగాయి. వత్తులు కొన్ని టెర్మినల్‌లో కాస్త పక్కకి జరుగుతున్నాయి, అది టెర్మినల్ అక్షరాలు పేర్చే పద్ధతి వల్ల, కంటెయినర్‌కి సంబంధం లేదు.

‘సార్ట్’ ఈ లొకేల్‌లో కోడ్‌పాయింట్ వరసనే పోతుంది. తెలుగు గదిలో అచ్చులూ హల్లులూ దాదాపు మన వర్ణమాల వరసలోనే ఉన్నాయి కనుక ఫైళ్ల జాబితాకి ఇది చాలు. సైటులో వ్యాసాల పేర్ల వరసకి మాత్రం ఇది చాలదు, సున్నా ఉన్న మాటలు వేరే చోట పడతాయి. అది పోస్ట్‌గ్రెస్ కొలేషన్ (అక్షరాల వరస నియమాల) పని, వేరే విడతలో.

శుక్రవారం

ఉబుంటు కుర్రాడిదే మళ్లీ: “మైగ్రేషన్ ఫైల్ సేవ్ అవట్లేదక్కా, పర్మిషన్ లేదంటోంది.”

కంటెయినర్‌లో యూజరు రూట్. ప్రాజెక్టు ఫోల్డరు హోస్ట్ నుంచి మౌంట్ చేసినది. షెల్‌లో ‘మేక్‌మైగ్రేషన్స్’ (డేటాబేస్ మార్పులు ఫైలుగా రాసే జాంగో కమాండు) కొడితే పుట్టిన ఫైలు హోస్ట్‌లోనూ రూట్ సొత్తే అవుతుంది. డాకర్ డెస్క్‌టాప్ వాడే మ్యాక్‌లో ఫైలు ఆ మనిషి పేరు మీదే కనిపిస్తుంది, అందుకే మాలో కొందరికి ఈ సమస్య ఉన్నట్టే తెలియదు.

కంపోజ్‌లో ‘యూజర్’ కింద హోస్ట్ యూఐడీ (యూజరు అంకె) ఇద్దామని చూస్తే ఒక మెలిక ఉంది. ‘యూఐడీ’ బాష్‌లో ఉంటుంది కానీ బాష్ దాన్ని ఎక్స్‌పోర్ట్ చేయదు. కంపోజ్‌కి అది కనిపించదు, వేరియబుల్ లేదని హెచ్చరించి ఖాళీగా తీసుకుంటుంది. కాబట్టి మేక్‌ఫైలే ‘ఐడీ -యూ’, ‘ఐడీ -జీ’ కొట్టి ఆ అంకెలు వేరే పేర్లతో ‘డాట్ ఎన్వ్’లో రాస్తుంది.

అంకె ఒక్కటే ఇస్తే లోపల ప్రాంప్టులో ‘ఐ హావ్ నో నేమ్!’ అని వస్తుంది, ఎందుకంటే ఆ అంకెకి యూజర్ల జాబితా ఉండే ‘/ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ’ ఫైల్లో పేరు లేదు. కోడు మార్పులు దాచే గిట్ లాంటివి కొన్ని పేరూ హోమ్ ఫోల్డరూ లేకపోతే నసుగుతాయి. ఇమేజ్ కట్టేటప్పుడే ఆ అంకెలు బిల్డ్ ఆర్గ్యుమెంట్లుగా పంపి, ‘యూజర్ యాడ్’తో నిజమైన యూజరుని పుట్టించాం. ఇప్పుడు సర్వరూ షెల్లూ ఒకే యూజరు కింద ఉన్నాయి. రూట్ కావాలంటే ‘మేక్ రూట్‌షెల్’ ఉంది, లోపల ‘ఎగ్జెక్ -యూ రూట్’. దాంతో లోపల ‘ఏపీటీ’తో (డెబియన్ ప్యాకేజీలు ఎక్కించే కమాండు) ఏదైనా ఎక్కిస్తే అది ఆ కంటెయినర్ ఉన్నంతవరకే. మళ్లీ పుట్టించినప్పుడు పోతుంది. నాలుగు రోజులు కావాల్సినదైతే డాకర్‌ఫైల్లో రాయండి.

శనివారం మళ్లీ

కంట్రోల్-పి కొట్టి పాత కమాండు వెనక్కి తెచ్చుకునే అలవాటున్నవాళ్లకి కంటెయినర్‌లో రెండుసార్లు కొడితే గానీ రాదు. డాకర్‌లో లోపలిది ఆగకుండా బయటికి రావడానికి వాడే మీటలు వరసగా కంట్రోల్-పి, కంట్రోల్-క్యూ. మొదటి పి రాగానే తర్వాత క్యూ వస్తుందేమోనని డాకర్ దాన్ని పట్టి ఉంచుతుంది. హోమ్‌లో ‘డాట్ డాకర్’ కింద ఉన్న కాన్ఫిగ్ ఫైల్లో ‘డిటాచ్ కీస్’ మార్చుకుంటే పోతుంది. అది ఎవరి మెషీన్‌లో వాళ్లు చేసుకోవాల్సింది.

కమాండ్ల చరిత్ర మాత్రం అందరికీ కుదిర్చాను. కంటెయినర్ మళ్లీ పుట్టినప్పుడల్లా పోకుండా ‘హిస్ట్‌ఫైల్’ని ఒక నేమ్డ్ వాల్యూమ్‌లో (కంటెయినర్ పోయినా మిగిలే నిల్వలో) పెట్టాను. ఆ ఫోల్డరు ఇమేజ్‌లోనే మన యూజరు పేరు మీద ముందే పుట్టించాలి. ఖాళీ వాల్యూమ్ మొదటిసారి తగిలినప్పుడు డాకర్ ఇమేజ్‌లోని ఫోల్డరు సొంతదారునే దానికీ పెడుతుంది. లేకపోతే అది రూట్ సొత్తయి చరిత్ర రాయలేదు.

రాత్రి బ్యాకప్ స్క్రిప్టు కూడా చూశాను, అది ఎగ్జెక్‌తోనే ‘పీజీ డంప్’ (పోస్ట్‌గ్రెస్ డేటాని ఫైలుగా దించే కమాండు) నడుపుతుంది. అక్కడ టెర్మినల్ ఉండకూడదు. టెర్మినల్ ఉంటే ప్రతి లైను చివర ఇంకో క్యారేజ్ రిటర్న్ చేరుతుంది, డంప్ పాడవుతుంది. వేళకి తనంతట తానే పనులు నడిపే క్రాన్‌లో అయితే టెర్మినలే లేదు కాబట్టి ‘ఇన్‌పుట్ డివైస్ టీటీవై కాదు’ అని ఆగిపోవచ్చు. కంపోజ్ ఎగ్జెక్‌కి ‘-టీ’ పెద్దక్షరంలో ఇస్తే టెర్మినల్ ఇవ్వదు. డాకర్ ఎగ్జెక్‌లో చిన్న టీ టెర్మినల్ తెస్తుంది, కంపోజ్‌లో పెద్ద టీ తీసేస్తుంది. స్క్రిప్టులో ఆ లైను పక్కన కామెంట్ రాసి పెట్టాను.

ఆదివారం

విండోస్ మెషీన్‌లో కంటెయినర్ లేవనే లేదు. ఎంట్రీపాయింట్ స్క్రిప్టు ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది, ఫైలు మాత్రం అక్కడే ఉంది. లేవనిదాంట్లోకి ఎగ్జెక్ ఎలాగూ కుదరదు. ఇలాంటప్పుడు ‘రన్’ పనికొస్తుంది. ఎంట్రీపాయింట్ బదులు బాష్ పెట్టి కొత్త కంటెయినర్ తెరిచి, స్క్రిప్టు మొదటి లైను ‘క్యాట్ -ఏ’తో చూశాం. లైను చివర ‘^ఎమ్’ ఉంది. విండోస్‌లో గిట్ లైను చివరలు మార్చి దించుకుంది. కెర్నెల్ ఆ అదనపు అక్షరంతో కలిపి బాష్ అనే ప్రోగ్రామ్‌ని వెతుకుతోంది, అలాంటి పేరుతో ఏదీ లేదు కాబట్టి దొరకలేదంటోంది. స్క్రిప్టు లేదని కాదు, దాన్ని నడపాల్సింది లేదని. ‘గిట్ యాట్రిబ్యూట్స్’లో ఎస్‌హెచ్ ఫైళ్లన్నిటికీ ‘ఈఓఎల్=ఎల్ఎఫ్’ పెట్టి, ఫైళ్లు మళ్లీ దించుకోమన్నాను. లేచింది.

మూడు రకాల మెషీన్లలోనూ ఒకే పరీక్ష నడిపించాం: ‘మేక్ షెల్’, ఆ తర్వాత ‘ఐడీ’, ‘విచ్ పైతాన్’, ‘లొకేల్’, ‘మేనేజ్ డాట్ పీవై చెక్’ డేటాబేస్‌తో సహా, ఆఖరున స్కాన్ల ఫోల్డరులో ‘ఎల్ఎస్’. ‘ఐడీ’లో అంకెలు ఎవరివి వాళ్లవి, మిగతావన్నీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే వచ్చాయి. రీడ్‌మీలో పాత సూచనల పేజీ తీసేసి ‘మేక్ అప్, మేక్ షెల్’ అన్న రెండు లైన్లు పెట్టాను.

మిగిలింది వర్కర్ సర్వీసు. స్కాన్ల నుంచి అక్షరాలు తీసే పని దానిది, దానికింకా పాత ఇమేజే ఉంది. దాంట్లో లాంగూ లేదు, మన యూజరూ లేడు. వచ్చే వారం వెబ్, వర్కర్ రెండిటికీ ఒకే బేస్ ఇమేజ్ కడతాం. డాకర్‌ఫైల్ బ్రాంచ్ ఇప్పటికే తోశాను, చూసి ఏమైనా ఉంటే చెప్పండి.